కాలికో గుడ్డ, ఇనుప కడియం

సికింద్రాబాద్‌లో సైన్సు కథ చెప్పమని ఎవరిని అడిగినా ముందు రోనాల్డ్ రాస్ పేరే వస్తుంది. రావాలి కూడా. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన పట్టుకున్నది మన దగ్గరే, ఆ బంగళా బేగంపేటలో ఇప్పటికీ ఉంది. కానీ ఈ సంచిక కోసం నేను ఎంచుకున్న మనిషి మన ఊరు కాదు కదా, అసలు ఇండియా మొహమే చూడలేదు. ఆయన మొదలుపెట్టిన వస్తువు మాత్రం పద్మారావునగర్ నుంచి లాలాపేట దాకా ప్రతి బస్తీలో ఉంది. రెండు స్తంభాల మధ్య ఎత్తుగా కూర్చుని పగలూ రాత్రీ బుయ్యిమంటూ ఉంటుంది. మే నెలలో అది అలిగిందంటే వీధి వీధంతా గేట్ల బయటికొచ్చి లైన్‌మన్ అన్న కోసం ఎదురుచూస్తుంది.

ఆ వస్తువు ట్రాన్స్‌ఫార్మర్. ఆ మనిషి మైకేల్ ఫారడే.

మన ఈఈఈ వాళ్ళకి ట్రాన్స్‌ఫార్మర్ అంటే మెషీన్స్ పేపర్లో ఒక యూనిట్. ప్రైమరీ వోల్టేజికీ సెకండరీ వోల్టేజికీ ఉన్న నిష్పత్తి, వాటి చుట్ల సంఖ్యల నిష్పత్తితో సమానం. ఈ ఒక్క లైను పట్టుకుంటే సగం లెక్కలు అయిపోతాయి. ల్యాబ్‌లో ఓసీ టెస్టు, ఎస్సీ టెస్టు చేసేసి రికార్డు రాసి సంతకం పెట్టించుకుంటాం. నేనూ అంతే చేశాను. తర్వాత ఫారడే జీవితం చదువుతుంటే ఒక విషయం దగ్గర ఆగిపోయాను. ప్రపంచంలో మొదటి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిన ఈ మనిషికి ఆ లైను అక్కర్లేకపోయింది. వోల్టేజి పెంచాలనో తగ్గించాలనో ఆయన అనుకోనేలేదు. పైగా ఆయనకి బీజగణితం రాదు. మరి ఆ ఇనుప కడియానికి రెండు చుట్టలు ఎందుకు చుట్టాడు? దీనికి జవాబు కావాలంటే ఆయన చిన్నప్పటి నుంచీ చెప్పుకు రావాలి.

1791 సెప్టెంబరు 22న లండన్‌కి ఆనుకుని ఉన్న న్యూయింగ్టన్‌లో పుట్టాడు. నాన్న జేమ్స్ కమ్మరి. పనిమంతుడే గానీ ఆరోగ్యం సహకరించేది కాదు, కొలిమి దగ్గర నిలబడలేని రోజులే ఎక్కువ. 1801లో ధరలు మండిపోతున్నప్పుడు ఈ పిల్లాడికి వారానికి ఒక రొట్టె ఇచ్చి, అదే వారమంతా సరిపెట్టుకోమనేవారట. తొమ్మిదేళ్ళ పిల్లాడికి! బడి చదువు చదవడం, రాయడం, కాసిన్ని కూడికలు, తీసివేతలు. అంతటితో సరి.

పదమూడో ఏట రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. మొదట్లో పని పేపర్లు వేయడం. వేయడం అంటే మన పేపర్ బాయ్ లాగా విసిరేసి పోవడం కాదు. అప్పట్లో పేపరు ఖరీదు. ఒక ఇంట్లో ఇచ్చి, వాళ్ళు చదివాక మళ్ళీ తీసుకుని ఇంకో ఇంట్లో ఇవ్వాలి. ఏడాది తర్వాత రీబో అతన్ని బైండింగ్ పనిలో అప్రెంటిస్‌గా పెట్టుకున్నాడు. ఏడేళ్ళ ఒప్పందం. కుర్రాడి మీద నమ్మకంతో ఫీజు కూడా తీసుకోలేదు.

ఈ బైండింగ్ పని దగ్గర కాసేపు ఆగుదాం. ఫైనల్ ఇయర్ వాళ్ళకి తెలిసే ఉంటుంది, ప్రాజెక్టు రిపోర్టు తీసుకుని బైండింగ్ షాపుకి వెళ్తే అన్న ముందు కాగితాలు సమంగా తట్టి, దారంతో కుట్టి, వెన్నుకి జిగురు రాసి, గుడ్డ అంటించి, అట్ట వేసి, బరువు కింద పెడతాడు. ఆ గుడ్డని మన షాపుల్లో కాలికో అంటారు. కాలికట్ రేవు నుంచి ఇంగ్లండుకి వెళ్ళిన నూలు గుడ్డకి ఆ ఊరి పేరే పడింది. దారం, జిగురు, కాలికో, అట్ట. ఫారడే చేతులకి పద్నాలుగో ఏట నుంచి ఇరవై ఒకటో ఏట దాకా తెలిసిన సామాను ఇదే. ఈ సామాను మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

షాపుకి బైండింగ్ కోసం వచ్చిన పుస్తకాలని చాలామంది కుడతారు. ఇతను కుడుతూ చదివాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీద ఉన్న వ్యాసం అలాగే కంటపడింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ మామూలు జనానికి అర్థమయ్యేలా కెమిస్ట్రీ మీద రాసిన పుస్తకం ఇంకోటి. చదివినదాన్ని వెంటనే నమ్మే రకం కాదు. చిల్లర డబ్బులు కూడబెట్టి, ఆ పుస్తకాల్లో చెప్పిన చిన్న చిన్న ప్రయోగాలు షాపు వెనక చేసి చూసుకునేవాడు. గాజు సీసాతో స్థిర విద్యుత్తు పుట్టించే యంత్రం కూడా తయారుచేశాడు. సాయంత్రాలు టాటమ్ అనే ఆయన ఇంట్లో సైన్సు ఉపన్యాసాలు జరిగేవి. ఒక్కో దానికి ఒక షిల్లింగు. ఆ షిల్లింగు కమ్మరి పని చేసే అన్న రాబర్ట్ ఇచ్చేవాడు. ఫారడే పేరు చెప్పినప్పుడు ఈ అన్నయ్య పేరు కూడా చెప్పాలని నా అభిప్రాయం.

1812లో షాపుకొచ్చే ఒక ఖాతాదారు, డాన్స్ అనే ఆయన, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకి టికెట్లు ఇచ్చాడు. డేవీ అంటే అప్పటికి లండన్‌లో స్టార్. ఆయన మాట్లాడుతున్నాడంటే బయట వీధిలో బండ్లు జామ్ అయ్యేవి. నాలుగు ఉపన్యాసాలు విన్నాడు ఫారడే. విన్నవన్నీ రాసుకుని, బొమ్మలు వేసి, దాదాపు 300 పేజీలు తనే శుభ్రంగా బైండ్ చేశాడు. ముందుగా రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి ఉద్యోగం కోసం ఉత్తరం రాశాడు, జవాబే రాలేదు. ఆ ఏడాది చివర తను కుట్టిన పుస్తకాన్ని డేవీకే పంపాడు. ఇంతకంటే మంచి రెజ్యూమె నేనెక్కడా చూడలేదు. ఏం నేర్చుకున్నాడో, ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడో, చేతిలో ఏం పని ఉందో అన్నీ ఒకే అట్టల మధ్య ఉన్నాయి.

డేవీ పిలిచాడు, మాట్లాడాడు, చేతిలో ఉన్న బైండింగ్ పని వదులుకోవద్దని సలహా ఇచ్చి పంపేశాడు. కొద్ది నెలలకి ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక అసిస్టెంటు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకోవడంతో ఫారడే గుర్తొచ్చాడు. 1813 మార్చి 1న చేరాడు. వారానికి 25 షిల్లింగులు, పై అంతస్తులో రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు.

ఆ ఏడాదే డేవీ దంపతులు యూరప్ యాత్రకి బయల్దేరారు. డేవీ సేవకుడు ఆఖరి నిమిషంలో రానన్నాడు. ఇంకో మనిషి దొరికేదాకా ఆ పని కూడా చూడమని ఫారడేకి చెప్పారు. ఆ ఇంకో మనిషి చివరిదాకా దొరకనేలేదు. 1813 అక్టోబరు నుంచి 1815 ఏప్రిల్ దాకా ఒకే మనిషి సైన్సు అసిస్టెంటూ, బట్టలు సర్దే నౌకరూ. డేవీ భార్య అతన్ని నౌకరుగానే చూసింది. భోజనం పనివాళ్ళతో, ప్రయాణం బండి పైన. స్నేహితుడు అబట్‌కి రాసిన ఉత్తరాల్లో, అన్నీ వదిలేసి ఇంటికి వెళ్ళిపోదామనుకున్న రోజులు కనిపిస్తాయి. వెళ్ళిపోలేదు. ఎందుకంటే అదే యాత్రలో పారిస్‌లో ఆంపియర్‌ని చూశాడు, మిలాన్‌లో ముసలి వోల్టాని చూశాడు, ఫ్లోరెన్స్‌లో పెద్ద భూతద్దంతో సూర్యకాంతిని వజ్రం మీద పడేసి దాన్ని కాల్చడం చూశాడు. మన యూనిట్ల పేర్లలో ఇద్దరు ఆయన కళ్ళముందు నిలబడి మాట్లాడారు. అవమానం ఒక పక్క, ఇది ఒక పక్క. ఇందులో ఏది బరువు అని ఎవరి తక్కెడ వాళ్ళు తూచుకోవాలి. నేనైతే మధ్యలోనే దిగిపోయేవాడినేమో.

తిరిగొచ్చాక కొన్నేళ్ళు కెమిస్ట్రీ. 1820లో డెన్మార్క్ నుంచి ఒక కబురొచ్చింది. కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతోందని ఆయిర్‌స్టెడ్ కనిపెట్టాడు. యూరప్ అంతా ఈ ప్రయోగం మీద పడింది. 1821 సెప్టెంబరులో ఫారడే పాదరసం గిన్నెలో అయస్కాంతం నిలబెట్టి, దాని చుట్టూ వేలాడే తీగ గుండ్రంగా తిరిగేలా చేశాడు. ప్రపంచంలో మొదటి మోటారు ఇదేనని చెప్పుకోవచ్చు. జూన్‌లోనే సారా బర్నార్డ్‌తో పెళ్ళయింది. అన్నీ బాగున్నాయనుకునేలోపు గొడవ మొదలైంది. వోలాస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్త ఇలాంటి ఆలోచనే చేశాడు, దాని గురించి డేవీతో చర్చించాడు. ఫారడే తన వ్యాసం తొందరగా అచ్చువేయించాడు, అందులో వోలాస్టన్ పేరు లేదు. దాంతో ఈ బైండింగ్ కుర్రాడు ఆలోచన దొంగిలించాడని గుసగుసలు. నిజానికి ఇద్దరి ప్రయోగాలూ వేరు. ఈ మాట ఒక్కసారి డేవీ గట్టిగా చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

అంతటితో అయిపోలేదు. ఫారడేని రాయల్ సొసైటీ సభ్యుడిగా ప్రతిపాదిస్తే, అప్పటికి అధ్యక్షుడైన డేవీ అడ్డుపడ్డాడు. 1824 జనవరిలో రహస్య ఓటింగు జరిగింది. వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క నల్లబంతి. అది ఎవరిదో చెప్పే అవసరం లేదని అందరూ అనుకున్నారు. చేయి పట్టి పైకి తీసుకొచ్చిన మనిషే ఎదగనివ్వకపోతే మనసుకి ఎలా ఉంటుందో నేను ఊహించగలను. ఫారడే మాత్రం బతికినంతకాలం డేవీ గురించి చెడ్డగా మాట్లాడలేదు. కానీ 1829లో డేవీ చనిపోయేదాకా విద్యుత్తు, అయస్కాంతం మీద పెద్ద పని ఏదీ గట్టిగా పట్టుకోలేదు. కారణం డేవీ ఒక్కడే అని నేననను. ఆ రోజుల్లో రాయల్ సొసైటీ ఆయనకి మంచి టెలిస్కోపు గాజు తయారుచేసే పని అంటగట్టింది. కొలిమి దగ్గర ఏళ్ళు గడిచిపోయాయి. ఆ పని వల్ల దక్కిన మేలు ఆండర్సన్ అనే మాజీ ఫిరంగి దళం సార్జెంటు. కొలిమి చూసుకోవడానికి వచ్చిన ఆ మనిషి తర్వాత చివరిదాకా ఫారడేకి తోడుగా ఉండిపోయాడు.

ఆ మధ్యలోనే 1825 నవంబరులో ఒక రోజు ప్రయోగం చేశాడు. రెండు తీగలు పక్కపక్కన పెట్టి, మధ్యలో కాగితం అడ్డం పెట్టి, ఒక తీగలో కరెంటు పంపాడు. రెండో తీగలో ఏమైనా కనిపిస్తుందా అని చూశాడు. ఏమీ లేదు. ఏమీ లేదు అనే నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. తర్వాత మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ ఏమీ లేదు. కరెంటు నుంచి అయస్కాంతం వస్తోంది కదా, అయస్కాంతం నుంచి కరెంటు ఎందుకు రాదు? ఇదీ ఆయన ప్రశ్న. ఆయనకే కాదు, చాలామందికి ఇదే ప్రశ్న. జెనీవాలో కొలాడాన్ అనే ఆయన కథ వింటే పాపం అనిపిస్తుంది. చుట్టలోకి పెద్ద అయస్కాంతాన్ని దూర్చాడు. ఆ అయస్కాంతం ప్రభావం గాల్వనోమీటరు మీద నేరుగా పడకూడదని మీటరుని పక్క గదిలో పెట్టాడు. అయస్కాంతాన్ని దూర్చి, నడుచుకుంటూ పక్క గదికి వెళ్ళి చూసేసరికి ముల్లు సున్నా దగ్గరే ఉంది. ఆయన తలుపు దాటేలోపు అది కదిలి, ఊగి, ఆగిపోయింది. ఒక ఫ్రెండుని మీటరు దగ్గర కూర్చోబెట్టి ఉంటే మన పుస్తకాల్లో కొలాడాన్ సూత్రం ఉండేదేమో.

1831 వేసవిలో ఫారడే గాజు పని వదిలించుకున్నాడు. ఆగస్టు 29, సోమవారం. ముందుగా మెత్తని ఇనుముతో ఒక కడియం చేయించి పెట్టుకున్నాడు. ఆరు అంగుళాల వ్యాసం, ఒక అంగుళానికి కాస్త తక్కువ మందం. దాని ఒక సగానికి రాగి తీగ మూడు ముక్కలు చుట్టాడు, ఒక్కోటి సుమారు 24 అడుగులు. రెండో సగానికి రెండు ముక్కలు, మొత్తం 60 అడుగుల దాకా. రెండు చుట్టలకీ మధ్య ఖాళీ వదిలాడు, ఒకదాని తీగ ఇంకోదానికి ఎక్కడా తగలదు. ఇప్పుడైతే ఎనామెల్ పూత ఉన్న తీగ కొనుక్కుని తెచ్చుకుంటాం. అప్పుడు దొరికేది వట్టి రాగి. చుట్టుకీ చుట్టుకీ మధ్య తగలకుండా సన్నని తాడు, వరసకీ వరసకీ మధ్య కాలికో గుడ్డ వేసి చుట్టాడు. తాడు, కాలికో! రీబో షాపులో ఏడేళ్ళు కుట్టిన చేతులు కాకపోతే అంత ఓపికగా ఎవరు చుడతారు? దీనికి సాక్ష్యం ఏమీ లేదు, నా ఊహ మాత్రమే. కానీ నాకు ఈ ఊహ ఇష్టం.

రెండో చుట్ట కొసలకి కలిపిన తీగని మూడు అడుగుల దూరం తీసుకెళ్ళి ఒక దిక్సూచి ముల్లు మీదుగా పోనిచ్చాడు. మొదటి చుట్టని పది జతల పలకల బ్యాటరీకి కలిపాడు. కలపగానే ముల్లు కదిలింది. అటూ ఇటూ ఊగి, మళ్ళీ మొదటి చోటికే వచ్చి ఆగింది. బ్యాటరీ కలిపే ఉంది, కరెంటు పారుతూనే ఉంది, ముల్లు మాత్రం కదలదు. బ్యాటరీ తీసేశాడు. ముల్లు మళ్ళీ ఎగిరి పడింది.

మన కథకి కీలకం ఇక్కడే ఉంది. అప్పటిదాకా అందరూ వెతికింది నిలకడగా ఉండే ఫలితం కోసం. కరెంటు పారుతున్నంతసేపూ పక్క తీగలో కూడా పారాలి అనుకున్నారు. ఫారడే కూడా 1825లో అలాగే అనుకుని ఉండాలి. కడియం చెప్పింది వేరు. కరెంటు ఉండటం వల్ల ఏమీ జరగదు, కరెంటు మారడం వల్ల జరుగుతుంది. మొదటి చుట్టలో కరెంటు పెరిగేటప్పుడు ఇనుములో అయస్కాంతత్వం పెరుగుతుంది. ఆ పెరుగుదల రెండో చుట్టని తాకుతుంది. పెరగడం ఆగిపోతే అంతా ఆగిపోతుంది. తీసేస్తే తరుగుతుంది, తరిగేటప్పుడు మళ్ళీ ఒక తోపు, ఈసారి అటు తిరిగి. ఈ రెండు చుట్టలూ ఒకదానినొకటి ముట్టుకోలేదు. మధ్యలో ఉన్నది ఇనుము, గుడ్డ, అంతే.

మనింటి దగ్గరున్న డబ్బా బ్యాటరీతో ఎందుకు పనిచేయదో కూడా ఇందులోనే ఉంది. డీసీ ఇస్తే కలిపినప్పుడు ఒక తోపు, తీసినప్పుడు ఒక తోపు, మధ్యలో రెండో వైపు ఏమీ రాదు. మొదటి వైపు తీగకి ఉన్న కాస్త రెసిస్టెన్స్ తప్ప కరెంటుని ఆపేది లేక చుట్ట మాడిపోతుంది. ఏసీ అయితే సెకనుకి 50 సార్లు ఊగుతూనే ఉంటుంది. ఫారడే చేత్తో బ్యాటరీ కలుపుతూ తీస్తూ ఉన్న పనిని మన గ్రిడ్ ఆపకుండా చేస్తోందన్నమాట. ఆ బుయ్యిమనే చప్పుడు కూడా దానివల్లే. ఒక్కో ఊపులో రెండుసార్లు ఇనుప రేకులు వెంట్రుకవాసి సాగి ముడుచుకుంటాయి, సెకనుకి 100 సార్లు.

ఇక వోల్టేజి మారడం. ఒకే ఇనుము మీద ఉన్న అన్ని చుట్ల గుండా అదే అభివాహం పోతుంది. కాబట్టి ప్రతి చుట్టుకీ, అది ఏ వైపుదైనా సరే, దాదాపు సమానంగా వోల్టులు వస్తాయి. ఎక్కువ చుట్లుంటే ఎక్కువ వోల్టులు. మన వీధి డబ్బా మీద నేమ్ ప్లేట్ చూడండి (కింద నిలబడే చూడండి, ఎక్కొద్దు), 11,000 / 433 అని ఉంటుంది. 433 అనేది రెండు ఫేజుల మధ్య వోల్టేజి, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 250. పైన డెల్టా, కింద స్టార్ కాబట్టి 11,000 వోల్టుల చుట్టకి ఎదురుగా 250 వోల్టుల చుట్ట ఉంటుంది. అంటే లోపల సెకండరీలో ఒక్క చుట్టుకి ప్రైమరీలో 44 చుట్లు. 100 కేవీఏ డబ్బా అయితే పూర్తి లోడు మీద పైనుంచి వచ్చే కరెంటు 5.25 ఆంపియర్లు, కిందికి పోయేది 133 ఆంపియర్లు. అందుకే ప్రైమరీ సన్న తీగతో బోలెడు చుట్లు, సెకండరీ లావు తీగతో కాసిని చుట్లు. వోల్టులు తగ్గిన మేరకి ఆంపియర్లు పెరిగాయి, పవర్ మాత్రం ఎక్కడి నుంచో పుట్టలేదు.

ఫారడే కడియంలో ఒక వైపు 72 అడుగులు, ఇంకో వైపు 60 అడుగులు. ఈ నిష్పత్తితో ఆయనకి పని లేదు. ఆయనకి కావాల్సింది అయస్కాంతం నుంచి కరెంటు వస్తుందా రాదా అన్న ఒక్క ప్రశ్నకి జవాబు. తీగ ఎక్కువ ఉంటే కనిపించేది కూడా ఎక్కువ ఉంటుందని పొడుగ్గా చుట్టాడు, అంతే. రెండో చుట్ట కొసలకి బొగ్గు ముక్కలు పెట్టి ఒక చిన్న నిప్పురవ్వ కూడా చూశాడు. ఆ తర్వాత అక్టోబరు 17న చుట్టలోకి అయస్కాంతం దూర్చి, తీసి, ముల్లుని కదిలించాడు. అదే నెల 28న పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య రాగి పళ్ళెం తిప్పి నిలకడగా కరెంటు తీశాడు. నవంబరు 24న రాయల్ సొసైటీలో వ్యాసం చదివారు. మూడు నెలల్లోపే ట్రాన్స్‌ఫార్మరూ జనరేటరూ రెండూ వచ్చేశాయి, ఒకే నోట్‌బుక్‌లో. అమెరికాలో జోసెఫ్ హెన్రీ కూడా ఇదే విషయం కనిపెట్టాడు గానీ అచ్చులో వెనకబడ్డాడు.

ఇక్కడ ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఉన్న సీనియర్ల కోసం ఒక మాట. అప్పట్లో ఫారడేకి బయటి కంపెనీల, కోర్టుల సలహా పనుల మీద ఏడాదికి వెయ్యి పౌండ్ల దాకా వస్తుండేది. 1831 తర్వాత ఆ పనులు ఒక్కొక్కటీ వదిలేశాడు. కొన్నేళ్ళకి ఆ ఆదాయం దాదాపు సున్నా. పిల్లల్లేరు, ఖర్చులు తక్కువ, అయినా అది చిన్న నిర్ణయం కాదు. సారా ఆ నిర్ణయంతో ఎలా సర్దుకుందో పుస్తకాలు పెద్దగా చెప్పవు. చెప్పి ఉంటే బాగుండేది.

లెక్కలు రావు అన్నాను కదా. దాని సంగతి చూడాలి. ఆయన వ్యాసాల్లో సమీకరణాలు కనిపించవు. ఇనుపరజను కాగితం మీద చల్లితే ఏర్పడే గీతలని చూసి, అయస్కాంతం చుట్టూ ఉన్న చోటంతా ఇలాంటి బలరేఖలతో నిండి ఉంటుందని, తీగ ఆ రేఖలని కోసినప్పుడు కరెంటు పుడుతుందని చెప్పాడు. గణితం తెలిసిన పెద్దలకి ఇది పిల్లల బొమ్మలాగా అనిపించింది. ప్రయోగాలు మెచ్చుకుని, బొమ్మలని పక్కన పెట్టారు. ఇరవై ఏళ్ళకి పైగా అలాగే ఉంది. 1855లో మాక్స్‌వెల్ అనే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ఆ బలరేఖల మీదే వ్యాసం రాయడం మొదలుపెట్టి, అవి గణితానికి లొంగుతాయని చూపించాడు. అది చదివిన ఫారడేకి ముందు భయం వేసింది, తర్వాత సంతోషం. గణితవేత్తలు తాము తేల్చిన సంగతులని తనలాంటి వాళ్ళకి అర్థమయ్యే మామూలు భాషలో కూడా చెప్పవచ్చు కదా అని మాక్స్‌వెల్‌కి ఉత్తరంలో అడిగాడు. అరవై ఆరేళ్ళ మనిషి తన వయసులో సగం కూడా లేనివాడిని అడిగిన ప్రశ్న అది. ఈఎమ్‌టీ పరీక్ష ముందు రోజు రాత్రి నేను కూడా ఆ ఉత్తరం కింద సంతకం పెట్టడానికి సిద్ధం.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. నైట్‌హుడ్ వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామంటే వద్దన్నాడు. ఒకప్పుడు ఒకే ఒక్క నల్లబంతితో ఆపాలని చూసిన సొసైటీ అది. పిల్లలకి క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం మానలేదు, కొవ్వొత్తి మీద చెప్పినవి పుస్తకంగా ఇప్పటికీ అచ్చవుతున్నాయి. నలభై ఎనిమిదో ఏట నుంచే తల తిరుగుడు, మతిమరపు మొదలయ్యాయి. కొన్నేళ్ళు పనే చేయలేకపోయాడు. కోలుకుని 1845లో అయస్కాంతం కాంతిని కూడా తిప్పుతుందని చూపించాడు. తర్వాత మరపు మళ్ళీ కమ్ముకొచ్చింది. నోట్‌బుక్‌లో ప్రతి పేరాకి నంబరు వేసుకునే అలవాటు ఆయనకి. ఆ నంబర్లు వేల మీదకి పోయాయి. నిన్న ఏం చేశాడో గుర్తు లేనివాడికి అవి ఎంత పనికొచ్చి ఉంటాయో. 1858లో రాణి హాంప్టన్ కోర్టులో ఇల్లు ఇచ్చింది. 1867 ఆగస్టు 25న ఆ ఇంట్లో కుర్చీలో కూర్చునే పోయాడు. పెద్దల సమాధుల మధ్య వద్దని ముందే చెప్పుకున్నాడు కాబట్టి హైగేట్ శ్మశానంలో మామూలు రాయి కింద పడుకోబెట్టారు.

అప్పటికి ఆయన కడియం ల్యాబ్ వస్తువే. ఐర్లండులో కాలన్ అనే ఫాదర్ 1836లోనే తక్కువ చుట్లు, ఎక్కువ చుట్లు పెట్టి పెద్ద నిప్పురవ్వలు తీశాడు గానీ ఊరికి దీపాలు వెలిగించే ఆలోచన ఇంకా లేదు. 1880లలో గోలార్, గిబ్స్ ఏసీతో ఆ పని మొదలుపెట్టారు. వాళ్ళ ఇనుము కడియంలా మూసి ఉండేది కాదు, కడ్డీలా తెరిచి ఉండేది. అన్ని ప్రైమరీలనీ వరసగా సిరీస్‌లో కలిపారు. దాంతో ఒకచోట దీపాలు ఆర్పితే ఇంకోచోట వెలుతురు మారిపోయేది. 1885లో బుడాపెస్ట్‌లో గాంజ్ ఫ్యాక్టరీ ఇంజనీర్లు ముగ్గురు, జిపర్నోవ్‌స్కీ, బ్లాతి, దేరి, ఇనుముని మూసేసి, ప్రైమరీలని ప్యారలల్‌లో కలిపి చూశారు. సమస్య పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ అనే పేరు పెట్టింది కూడా వాళ్ళే. మరుసటి ఏడాది అమెరికాలో స్టాన్లీ ట్రాన్స్‌ఫార్మర్లతో వోల్టేజి దించి ఒక ఊరి వీధిలో దీపాలు వెలిగించాడు. మన దగ్గరకొచ్చేసరికి నిజాం కాలం. హుస్సేన్ సాగర్ గట్టున బొగ్గు పవర్ హౌస్ ఉండేది. ఇప్పుడు అది లేదు, కానీ దాని తర్వాత వచ్చిన ప్రతి లైనూ ఏదో ఒక వీధిలో ఇలాంటి డబ్బా దగ్గరే దిగుతుంది.

పాడైన డబ్బాని రిపేరు షెడ్డులో విప్పినప్పుడు ఎప్పుడైనా తొంగి చూడండి. నూనె కారుతూ బయటికొచ్చే రాగి చుట్టల మీద, ఒక్కో తీగకీ కాగితం చుట్టి ఉంటుంది. వరసల మధ్య కాగితం, చుట్టల మధ్య అట్ట, పైన బిగించి కట్టిన నూలు టేపు. రీబో షాపులో పనిచేసిన వాళ్ళెవరైనా చూస్తే ఆ సామానులో సగం గుర్తుపడతారు.